ఎనిమిది ముఖాల గుడ్డ

మార్చి 2

ఇందుమూలముగా ఈ ఇంటి నాలుగు మూలలయందును, అటకమీదను, మంచము క్రిందను, గోడ గడియారము వెనుకను కాపురముండు సాలెపురుగులకు, బొద్దింకలకు, బల్లి దంపతులకు, వారి వారి సంతానమునకు తెలియజేయడమేమనగా: ఇంటి యజమానురాలు ఆరోగ్య కారణములచేత తన అక్కగారింటికి వెళ్లియున్నందున, ఆమె తిరిగివచ్చు పర్యంతము ఈ రాజ్యమునకు నేనే అధిపతిని. ఎవరి గూడు వారు నిర్భయముగా కట్టుకొనవచ్చును. చీపురు జప్తు చేయడమైనది. తడి తువ్వాలు కుర్చీమీద వేయుట ఇకపై నేరము కాదు. టీ గ్లాసు తాగినచోటనే నివసించుటకు హక్కు కల్పించడమైనది.

కుర్చీ ఎక్కి ఈ ప్రకటన గట్టిగా చదివాను. బల్లి ఒక్కటే తల తిప్పింది. మా ఆవిడ ఉండి ఉంటే, ఎలాగూ ఎక్కారు కదా, ఆ ఫ్యాను రెక్కలు కూడా తుడిచి దిగండి అనేది. ఎవరూ అనలేదు. దిగాను.

ఈ డైరీ బట్టల కొట్టతను ఊరికే ఇచ్చాడు. నేను చదివింది ఏడో తరగతి. ఆరు రెండుసార్లు చదివాను కాబట్టి ఎనిమిది అనుకున్నా తప్పులేదు. నోట్లో నువ్వుగింజ నానదు నాకు. వినేవాళ్లు లేకపోతే కడుపుబ్బుతుంది. అందుకే ఈ రాత.

మా ఆవిడది ఉబ్బసం. మేము పిల్లిని పెంచలేదు గాని, ఆవిడ ఛాతీలో ఒకటి పెరిగింది, సాయంత్రమైతే కూతలు. పోయిన నెల ఊపిరాడక నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. అక్కణ్నుంచి వాళ్ల అక్కగారింటికి, ఊరి ఆ చివరకు. వారంలో తేరుకుంది. డాక్టరు ఒక గొట్టం ఇచ్చాడు. గట్టిగా ఊదితే ముల్లు కదిలి ఒక అంకె దగ్గర ఆగుతుంది. అక్కడ మూడు వందల ఇరవై ఊదింది. సంబరపడి మొన్న ఇంటికి తెచ్చుకున్నాను. ఒక్క పూటకే నూట తొంభై.

నిన్న ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఇంట్లోనే ఏదో ఉంది, ఇల్లు బాగు చేసుకోండి అన్నాడు. నెలాఖరులోపు ఇంట్లో మూడు రోజులుండి మూడు వందలు దాటితే సరే, లేకపోతే ఆవిణ్ని అక్కగారింట్లోనే ఉండనివ్వండి అన్నాడు. ఇల్లుండగా ఇల్లాలు వేరే ఇంట్లో. ఇరవై రెండేళ్ల కాపురానికి అదీ తీర్పు.

కారణం గోడ చెమ్మ, వంటింటి పొగ అని చెప్పాడు. దూది సంగతి ఆయన ఎత్తనేలేదు. రేపు ఎవరైనా నా వృత్తిమీద నెపం పెడితే చూపించడానికి ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. దూది సంగతి ఎత్తనేలేదు.

మార్చి 4

వదిన దిగింది. మా ఆవిడకు అక్క, నాకు శని. ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రిలో ఆపరేషన్ గదులు కడిగి రిటైరయింది. ఆవిడ కడిగిన గదిలో కత్తి కిందపడితే తీసి మళ్లీ వాడుకోవచ్చని చెప్పుకునేవారట. చెప్పుకున్నది ఎవరయ్యా అంటే ఆవిడే.

ఇక రోజూ పొద్దున్నే బస్సెక్కి వస్తుందట. నెలాఖరుదాకా ఇంటికి ఆవిడ పెద్ద, నేను కూలీ.

ముందు చెమ్మ చూపించు అన్నది. బీరువా జరిపి చూపించాను. కంచమంత మచ్చ. దాన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. ఇంత మచ్చకే నా చెల్లెలికి ఊపిరాడలేదా అని అడిగింది. విషం చుక్కయితే చాలదా వదినా అన్నాను. నా సమాధానం నాకే నచ్చింది.

మచ్చ గీకించి సున్నం వేయించింది. వంటింటి కిటికీకి అడ్డంగా ఉన్న డబ్బాలన్నీ తీసి పారేసింది. మా ఇల్లంటే ఎంతని? వీధివైపు నా పరుపుల కొట్టు, అందులో దూది ఏకే మిషను; దాని వెనక గది, వంటిల్లు, పక్కగది. కొట్టుకూ ఇంటికీ మధ్య తలుపొకటి, ఇంటి గుమ్మం వెనక వీధిలోకి. ఇవాళ ఇంటిపని అయిపోయినట్టే అనుకున్నాను. ఆవిడ కొంగు బిగించి, ఇక మొదలెడదామా అన్నది.

మార్చి 5

చీపురు ముట్టుకోనివ్వడం లేదు. పొడి చీపురు దుమ్మును ఇల్లు దాటించదట, గది మారుస్తుందట. అంతా తడిగుడ్డ పనే.

ఆ గుడ్డ సంగతి రాయాలి. తెల్లటి పాత దుప్పటి ముక్క. దాన్ని సగానికి మడిచి, మళ్లీ సగానికి మడుస్తుంది. అరచేతిలో ఇమిడేంత అవుతుంది. ఒక ముఖంతో తుడుస్తుంది, తిప్పి రెండో ముఖంతో. మడత విప్పి లోపలిది బయటికి తెస్తుంది. అలా ఒక్క గుడ్డకు ఎనిమిది ముఖాలు. ఏ ముఖమూ రెండోసారి గోడను చూడదు. ఎనిమిదీ అయిపోతే గుడ్డ వేణ్నీళ్లలోకి. పైనుంచి కిందికి, శుభ్రంగా ఉన్నదాని నుంచి మురికి ఉన్నదానివైపు. వెనక్కి రావడం ఉండదు.

నేను తుడిస్తే ఒక ముఖంతోనే గది మొత్తం తిరిగొచ్చాను. గుడ్డ లాక్కుని చూపించింది. దుమ్మును ఊరేగిస్తున్నావా అన్నది.

నాకు ఒళ్లు మండి ఒక నల్ల బొత్తాం తీసి, వంటింటి తలుపు చట్రంమీద, ఎవరి కంటికీ ఆననిచోట పెట్టాను. ముప్పై ఏళ్ల అనుభవం బయటపడుతుందిలే అని.

మార్చి 6

బొత్తాం దొరికింది. ఎలాగంటే, కొట్టుకు వచ్చినవాళ్లందరూ పొద్దుటి నుంచి నా వీపు చూసి నవ్వుతున్నారు. చొక్కా విప్పి చూస్తే వీపు నట్టనడుమ కుట్టేసి ఉంది. గట్టిగా, నాలుగు కన్నాల్లోనూ దారం దూర్చి.

ఇరవై ఆరేళ్లుగా దబ్బనం పడుతున్నవాణ్ని. అంత శుభ్రమైన కుట్టు నేనూ వేయలేను. ఒప్పుకుంటున్నాను, ఇక్కడ మాత్రమే.

మార్చి 8

ఇవాళ చూసింది ఎలా రాయాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం వదిన గది కిటికీలన్నీ మూసింది. ఒక్క రెక్క వేలెడంత తెరిచి ఉంచింది. ఎండ కర్రలాగా లోపలికి దిగింది. నన్ను మంచం పక్కన నిలబెట్టి, ఆ దుప్పటి ఒక్కసారి దులుపు అన్నది. దులిపాను.

ఆ ఎండకు ప్రాణం వచ్చింది. వేలు, లక్షలు, లెక్క నాకు రాదు, సన్నటి మెరుపులు లేచాయి. పైకి పోయేవి, ఆగేవి, వెనక్కి తిరిగేవి. పావుగంట చూశాను, ఒక్కటీ నేలకు దిగలేదు. నా ఊపిరి తగిలి పక్కకు జరిగాయి, నేను గాలి లోపలికి పీలిస్తే నావైపు వచ్చాయి. మంద కాపరి వెనక గొర్రెల్లా ఎంత బుద్ధిగా వచ్చాయో.

కిటికీ తెరిస్తే ఏమీ లేదు. గది ఖాళీ. అదే గాలి, అవే రేణువులు, కనబడటం మానేశాయంతే. ఇంత జనం మధ్య మేమిద్దరమే ఉంటున్నామనుకుని ఇరవై రెండేళ్లు కాపురం చేశాం.

వదిన ఏమీ పాఠం చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదో ఒక వెటకారం ఆడేవాణ్ని.

మార్చి 11

మా పరుపు విప్పాను. ఊళ్లో ప్రతి పరుపునూ విప్పి ఏకి కుట్టాను గాని, పెళ్లికి కుట్టుకున్న మా పరుపును మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. దీపం కింద చీకటంటారు, ఇదే కాబోలు.

దూదంతా మిషనులో వేసి ఏకాను. కింద రాలిన నుసి సగం బకెట్టు. బూడిద కాదు, మన్ను కాదు. వేళ్ల మధ్య పట్టుకుంటే జారిపోయేంత మెత్తన. అందులో మేమున్నాం, మా చర్మం, మా వెంట్రుకలు, ఇన్నేళ్ల నిద్ర. మా మాటలు కూడా ఉన్నాయేమో. చాలాసేపు బకెట్టు ముందు కూర్చున్నాను.

వదిన వచ్చి చూసి, మీ ఆయుష్షు కంటే బరువుగా ఉందయ్యా అన్నది. పారబోయమన్నది. రెండు చేతులతో ఎత్తుకుపోయి పారబోశాను.

దుప్పట్లు, దిండు గలేబులు సలసల కాగే నీళ్లలో. దిండ్లు ఎండలో. పరుపుకు చుట్టూ మందపాటి గుడ్డతో తొడుగు, సందు లేకుండా కుట్టాను. ఆ కుట్టు వదిన మూడుసార్లు లాగి చూసింది. ఊడలేదు.

మార్చి 13

గచ్చు ఎర్రదట!

గోధుమరంగు అనుకున్నాను. ఇల్లు కొన్నప్పుడు ఎరుపే ఉండేదని మా ఆవిడ చెబితే నేను పందెం కూడా కాశాను. ఇవాళ మూడోసారి కడిగాక మంచం కింద నుంచి ఎరుపు బయటపడింది. నానబెట్టి, బ్రష్షుతో రుద్దుకుంటూ గుమ్మందాకా పోయాం. సాయంత్రానికి గది గదంతా ఎరుపు. చెప్పులు విప్పి నడిచాను. చల్లగా ఉంది. నా ఇంట్లోనే పరాయివాడిలా గోడవారగా నడిచాను, అడుగు వేస్తే మాసిపోతుందేమోనని.

మార్చి 14

నాలుగు పీటలు.

సామాను సర్దుతుంటే వదిన అడిగింది, ప్రతిచోటా ఈ పీటలేంటి అని. పొయ్యి పక్కన ఒకటి. స్నానాలగదిలో బోర్లించిన బకెట్టు. దండెం కింద చెక్కపెట్టె. పంపు దగ్గర ఇంకో పీట. నేను ఎప్పటిలాగే, మీ చెల్లెలు మహారాణి కదా, గదికొక సింహాసనం వేసుకుంది అన్నాను. అది నా పాత జోకు. మా ఆవిడ ముందే ఎన్నోసార్లు అన్నాను. ఆవిడా నవ్వేది.

వదిన నవ్వలేదు. పొయ్యి దగ్గర నుంచి పంపుదాకా నడిచింది. పంపు నుంచి దండెందాకా. నడిచి ప్రతి పీట దగ్గరా ఆగింది. అప్పుడు అర్థమైంది నాకు. ఒక పీటకూ ఇంకో పీటకూ మధ్య దూరం, ఆవిడ ఊపిరి.

రెండుచోట్ల పది అడుగులు. ఒకచోట ఆరు.

ఆ పది అడుగుల ఊపిరితో ఆవిడ వంట చేసింది, బట్టలుతికింది. ఇక్కడ ఇంకొకటి రాయాలి. స్విచ్చుల పైభాగం, గడప లోపలి అంచు, నీళ్లబిందె కింద, ఇలా కొన్నిచోట్ల మా గుడ్డకు మురికే అంటలేదు. ముందే ఎవరో తుడిచి ఉంచారు.

మార్చి 15

బస్సెక్కి ఆవిణ్ని చూడటానికి వెళ్లాను. మూడు వందల నలభై ఊదింది. ముల్లు అంత దూరం పోవడం చూసి నాకే ఊపిరాగింది.

గచ్చు ఎర్రదని చెప్పాను. పందెం సంగతి గుర్తుచేసింది. ఓడినవాడు నెలరోజులు గ్లాసులు కడగాలన్నది నిజమే గాని, నాకు గుర్తులేదన్నాను.

"మీరు ఇల్లు తుడుస్తున్నారంటే నేను నమ్మను. అక్క నన్ను ఏడిపించడానికి చెబుతోంది" అన్నది. చేతులు చూపించాను. ఉతికే సోడాకు తోలు ఊడిన వేళ్లు. వాటిని చాలాసేపు పట్టుకుని కూర్చుంది. తర్వాత, రానా ఇంటికి అని అడిగింది.

మంగళవారం రమ్మన్నాను.

మార్చి 17

మా ఆవిడకు చెప్పకుండా ఒక పని చేశాను. కొట్టులో ఉన్న మేలిరకం బూరుగు దూది, గింజ తీసి, నలక తీసి, నాలుగుసార్లు ఏకి కొత్త దిండు కుట్టాను. ఇరవై ఆరేళ్లలో ఇంత మెత్తని దిండు నా చేతి నుంచి రాలేదు. పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండదు. రాజులకు కూడా ఉండి ఉండదు.

మార్చి 18

వచ్చింది. చెప్పులు బయటే విప్పింది. గుమ్మంలో నిలబడి గచ్చు చూసి, వంగి అరచెయ్యి ఆనించింది. ఆ చెయ్యి తీసి చూసుకుంది. మళ్లీ ఆనించింది. వదిన తల తిప్పుకుని కిటికీ ఊచలు తుడిచింది, తుడిచినవే.

పొద్దుటంతా బాగుంది. గది గదికీ తిరిగింది. ఏ పీటమీదా కూర్చోలేదు, నేను లెక్కపెట్టాను. పదకొండింటికి ఊదితే మూడు వందల ఇరవై.

ఒంటిగంటకు మిషను ఆపి, మధ్య తలుపు తెరుచుకుని లోపలికి వచ్చాను. కొత్త దిండు తెచ్చి ఆవిడ తలకింద పెట్టాను. పక్కన కూర్చుని, బొత్తాం సంగతి చెప్పాను. నవ్వింది. ఇంకా నవ్వించాను. అరగంటకు నవ్వు దగ్గయింది. పిల్లి లేచింది.

గొట్టంలో రెండు వందల పది.

మందు పీల్చి, మంచం అంచు పట్టుకుని కూర్చుంది. మాట రావడం లేదు. వచ్చిన మొదటి మాట, "గోడే అయ్యుంటుంది అక్కా, చెమ్మ లోపలికి పోయుంటుంది" అని.

వదిన గోడవైపు చూడలేదు. ఉతికిన తెల్లగుడ్డ తీసింది, తడిపింది, ఎనిమిది ముఖాలకు మడిచింది. నా దగ్గరికి వచ్చి నా జుట్టుమీద ఒక ముఖంతో తుడిచింది. తిప్పింది. భుజం. తిప్పింది. చెవి వెనక, మెడ, మోచేతి మడత, చొక్కా జేబు. ఎనిమిది ముఖాలూ అయ్యాయి. విప్పి నా ముందు పరిచింది. తెల్లగుడ్డమీద తెల్లదూది కనబడదంటారు. కనబడింది. దానికింద బూడిదరంగు నుసి, బకెట్టులో చూసిందే.

"ఇల్లంతా తుడిచానయ్యా. నిన్ను తుడవడం మర్చిపోయాను."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

అక్కాచెల్లెళ్లు మూడింటి బస్సుకు వెళ్లిపోయారు. దిండు మంచంమీదే ఉంది.

మార్చి 19

ఏమీ రాయడానికి లేదు.

మార్చి 20

మా నాన్నకు కూడా దగ్గుండేది. అది పొగాకు దగ్గు. మా బాబాయిది ముసలితనం దగ్గు. మా ఇంట్లో ఎవరికీ దూది దగ్గు లేదు.

మా నాన్న పొగ తాగేవాడు కాదు. ఇప్పుడే గుర్తొచ్చింది.

మార్చి 22

మేస్త్రీని పిలిచాను. చిన్నప్పటి నుంచి తెలిసినవాడు. మధ్య తలుపు తీసేసి ఇటుక కట్టాలన్నాను. పిచ్చెక్కిందా అన్నాడు. ఈ తలుపులోంచే కదా నీకు టీ వస్తుంది, మూయిస్తే వీధంతా చుట్టి రావాలి, భార్యాభర్తలు పోట్లాడుకుని గోడ కట్టుకున్నారని ఊరంతా అంటారు అన్నాడు. అననీ అన్నాను. నువ్వు ఇలా సూటిగా మాట్లాడితే భయంగా ఉందిరా, ఏదన్నా వెటకారం ఆడు, ఇటుక పెడతాను అన్నాడు. నాకు ఏదీ తోచలేదు. కాసేపు చూసి వాడే మొదటి ఇటుక పెట్టాడు.

తలుపు కిందనుంచి, సందుల్లోంచి ఇన్నేళ్లూ నా మిషను గాలి ఆ ఇంట్లోకే పోయింది. పగలు గాలి పంపాను, సాయంత్రం నేనే మోసుకెళ్లాను. కంచే చేను మేసింది.

మార్చి 24

అటకమీద దూదిమూటలు ఏడు. దించి కొట్టుకు చేర్చాను. ఇంట్లో దూది ఉండకూడదు.

కొట్టు పక్కసందులో ఇంకో పంపు ఉంది. దానికి రేకు అడ్డం కట్టాను. పని అవగానే అక్కడే తలస్నానం. పనిబట్టలు అక్కడే కొక్కేనికి. ఇంటిబట్టలు మూతడబ్బాలో. కట్టుకుని, వీధి తిరిగి, ఇంటి గుమ్మంలోంచి చుట్టంలా లోపలికి. నూట నలభై అడుగులు.

వదిన వచ్చి గోడ తట్టి చూసింది. పంపు చూసింది. డబ్బా మూత తీసి పెట్టింది. తన కొంగులోంచి మడిచిన తెల్లగుడ్డ తీసి నా చేతికిచ్చింది. ఇల్లంతా ఇంకోసారి, ఈసారి నేనొక్కణ్నే. తను అరుగుమీద కూర్చుంది.

ఎనిమిదో ముఖందాకా వెళ్లాను. వెనక్కి రాలేదు.

కొత్త దిండు విప్పి, దూది కొట్టులో మూటలో కలిపేశాను. ఆ దూది ఎవరి తలకిందకు పోతుందో తెలియదు. వాళ్లకు తొడుగు ఊరికే కుట్టి ఇస్తాను.

మార్చి 28

వచ్చింది.

కట్టిన గోడ దగ్గర ఆగింది. సున్నం ఇంకా ఆరలేదు. టీ ఎలా ఇవ్వను మీకు అని అడిగింది. నేనే వచ్చి తాగుతాను, గ్లాసు కూడా కడుగుతాను అన్నాను. పందెం గుర్తొచ్చిందన్నమాట అన్నది.

మార్చి 29

మధ్యాహ్నం స్నానం చేసి, చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేసరికి ఆవిడ నిద్రపోతోంది. కిటికీలోంచి ఎండ కర్ర దిగి ఉంది. అందులో ఏవో రెండో మూడో తేలుతున్నాయి, దారి తప్పినవి.

ఊపిరి చప్పుడు లేదు.

భయపడి దగ్గరికి వెళ్లాను. దుప్పటి పైకి లేస్తోంది, దిగుతోంది. చప్పుడు మాత్రం లేదు. మనిషి ఊపిరికి చప్పుడు ఉంటుందనే నేను అనుకున్నాను. ఆ కూత వింటూ పడుకోవడం, లేవడం, అదే నాకు ఇల్లు. లేనప్పుడు ఇల్లు ఎంత పెద్దదో. గాలి వస్తోంది, పోతోంది, ఎవరినీ అడగకుండా. ఇంత పెద్ద పని ఇంత నెమ్మదిగా జరుగుతుందని నాకెవరూ చెప్పలేదు.

నేలమీద కూర్చుని చూశాను. ఆవిడ లేచి, ఏంటలా చూస్తున్నారు, మళ్లీ ఏం చేశారు అని అడిగింది. నామీద అనుమానం సహజమే.

మార్చి 31

మూడు వందల ముప్పై. డాక్టరు రెండుసార్లు ఊదించాడు. రెండోసారి మూడు వందల నలభై. ఇల్లు ఆవిడ ఒంటికి పడింది అన్నాడు. బయటికి వచ్చాక వదిన నా చొక్కా భుజం వేలితో రాసి చూసుకుని, ఊఁ అన్నది. నాకు పతకాలు వద్దు, ఆ ఊఁ చాలు.

ఇంటికి వచ్చి ఈ డైరీ మొదటి నుంచి తిరగేశాను. అన్నీ జరిగినవే. బొత్తాం జరిగింది, బకెట్టు నుసి జరిగింది, నాలుగు పీటలు అక్షరం అక్షరం నిజం. ఒక్కటి మాత్రం నేను పుట్టించింది.

గోడ చెమ్మ, వంటింటి పొగ అని డాక్టరు అననే లేదు. దూది సంగతి ఎత్తనేలేదని ఒకటికి రెండుసార్లు రాశాను. ఆయన ఎత్తింది మొదట దాన్నే. నా భుజంమీంచి ఒక పోగు తీసి, వేళ్ల మధ్య పట్టుకుని, ఏం పని చేస్తారు అని అడిగాడు. చెప్పాను. అయితే ఇదేనండీ అన్నాడు. ఆవిడ పక్క కుర్చీలోనే ఉంది. అంతా విన్నది.

బయట మెట్లమీద నేనే ముందు అన్నాను, చూశావా, గోడ చెమ్మేనట అని. ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడింది. ఒక మాటకు సరిపడా ఊపిరి కూడదీసుకుంది. కూడదీసుకుని, "అవునండీ, గోడే" అన్నది.